ఇనుప చిట్టెము – సిమెంటు

చిట్టెమను మాట మన విద్యార్థులలో పల్లెలనుండి వచ్చినవారికి క్రొత్తది కాదు. కమ్మరి కొలిమిలో నిప్పు చల్లారిన పిమ్మట బూడిదక్రింద కరడుగట్టి యుండు నల్లని, రంధ్రములుగల పెంకునకు ఆ పేరు. సంస్కృతమున దీనిని లోహకిట్టమందురు. బహుకాలము నేలలో పడియున్న ఇనుప చిట్టెమును శుద్ధిచేసి, మండూర భస్మమను పేరున పాండురోగమునకు ఔషధముగా నిచ్చుట ఆయుర్వేదమున ప్రసిద్ధము. ఇంతకుమించి చిట్టెముతో మనకేమి పనియని సామాన్యముగా నెవ్వరును విచారింపరు.

అయితే సిమెంటు అంగడికి పోయినవారు కొన్ని బస్తాలమీద “పోర్ట్‌లాండు స్లాగ్ సిమెంటు” అను ముద్రను చూచియే యుందురు. స్లాగ్ అనగా చిట్టెమే. ఇనుప కర్మాగారములో మిగిలిన చిట్టెమును పొడిచేసి సిమెంటులో కలుపుదురని తెలిసినప్పుడు గృహస్థునకు వెంటనే ఒక సందేహము కలుగును: “ఇది కల్తీ కాదా? పాలలో నీళ్ళు కలిపినట్లు, మంచి సిమెంటులో పనికిరాని బూడిద కలిపి మనకు అమ్ముచున్నారా?” ఈ సందేహము తేలికగా త్రోసివేయదగినది కాదు. సామాన్య కుటుంబము తన జీవితకాలమున ఒక్క ఇల్లు కట్టుకొనును. దానికై కూడబెట్టిన ధనమంతయు వెచ్చించును. ఆ ఇంటి స్లాబు క్రింద పిల్లలు పండుకొందురు. కావున ఈ ప్రశ్నకు సరియైన ఉత్తరము తెలిసికొనుట విద్యార్థులకును, వారి తలిదండ్రులకును గూడ అవసరము. ఈ పాఠమున ఆ ఉత్తరమును మొదటినుండి విచారింతము.

చిట్టెము పుట్టు విధము

భూమిలో ఇనుము శుద్ధముగా దొరకదు. అది ఆమ్లజనితో కలిసి, ఎఱ్ఱని లేక నల్లని రాయిగా నుండును. ఆ రాతిలో ఇనుముతోపాటు ఇసుకకు మూలమైన సిలికా, బంకమట్టికి మూలమైన అల్యూమినా మొదలగునవి కూడ కలిసియుండును. ఇనుమును తీయువారికి రెండు పనులు గలవు. మొదటిది, ఇనుమునుండి ఆమ్లజనిని విడదీయుట. రెండవది, రాతిలోని మన్నును, ఇసుకను తొలగించుట. ఈ రెండు పనులును ఒకేచోట జరుగుటకు కట్టిన గొప్ప గోపురమువంటి కొలిమికి బ్లాస్టు కొలిమి యని పేరు. క్రిందిభాగమున మిక్కిలి వేడియైన గాలిని బలముగా ఊదుదురు గనుక దానికి ఆ పేరు వచ్చినది.

కొలిమి పైభాగమునుండి ఇనుప ఖనిజమును, కోకు బొగ్గును, సున్నపురాతిని, డోలమైటు అను మరియొక రాతిని పొరలు పొరలుగా వేయుదురు. క్రిందనుండి వచ్చు వేడిగాలిలో కోకు మండి కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. ఈ వాయువు పైకి పోవుచు ఖనిజములోని ఆమ్లజనిని లాగుకొని, తాను బొగ్గుపులుసు వాయువుగా మారును. ఇనుము కరిగి కొలిమి అడుగున చేరును. ఇంగ్లండులో ఏబ్రహాం డార్బీ అనునతడు 1709లో కట్టెబొగ్గునకు బదులుగా కోకుతో ఇనుము తీయగలిగెను. గాలిని ముందుగా వేడిచేసి ఊదు పద్ధతికి జేమ్స్ బోమాంట్ నీల్సన్ 1828లో హక్కుపత్రము పొందెను. ఈ రెండు మార్పులవలన కొలిములు పెద్దవయ్యెను. చిట్టెపు దిబ్బలును పెద్దవయ్యెను.

సున్నపురాయి ఎందులకు? చెఱకు రసమును కాచి బెల్లము చేయువారిని చూచినవారికి ఇది సులభముగా తెలియును. పెనములో రసము మరుగుచుండగా కొంచెము సున్నపుతేట కలుపుదురు. అప్పుడు రసములోని మలినములు తెట్టెగా పైకి తేలును. దానిని తీసివేయగా రసము శుద్ధమగును. బ్లాస్టు కొలిమిలో జరుగునదియు ఇట్టిదే. సున్నపురాయి వేడికి సున్నముగాను, బొగ్గుపులుసు వాయువుగాను విడిపోవును. ఆ సున్నము ఖనిజములోని సిలికాతోను, అల్యూమినాతోను, కోకులోని బూడిదతోను కలిసి ఒక ద్రవమగును. ఈ ద్రవమే చిట్టెము. ఇది ఇనుముకన్న చాల తేలిక గనుక నీటిపై నూనెవలె కరిగిన ఇనుముపై తేలును. దాని వేడి సుమారు 1,500 డిగ్రీలు. కొలిమినుండి రెండు ద్రవములను వెలుపలికి రానిచ్చి, ఇనుమును ఒక కాలువలోనికి, చిట్టెమును వేరొక కాలువలోనికి మరలించుదురు.

మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ. బూడిద ఎక్కువైనకొలది దానిని కరిగించుటకు సున్నము ఎక్కువ కావలెను. అందుచేత మన దేశమున ఒక టన్ను ఇనుము తీయగా సుమారు 300 మొదలు 400 కిలోగ్రాముల చిట్టెము వచ్చును. ఒక్కొక్క గొప్ప కర్మాగారము ఏటికి లక్షల టన్నుల ఇనుము తీయును. ఈ చిట్టెము నంతటిని ఎక్కడ వేయవలెను? నేలమీద గుట్టలుగా పోసిన, సాగుచేయదగిన భూమి పోవును. వానకు దానిలోని క్షారమును, గంధకపు సమ్మేళనములును నీటిలో కలియును. ఇనుప కర్మాగారములవారికి ఇది బహుకాలము పెద్ద తలనొప్పిగా నుండెను.

చల్లార్చుటలోని భేదము

ఇపుడు మిక్కిలి ముఖ్యమైన విషయమును చెప్పవలసియున్నది. ఒకే చిట్టెము, చల్లార్చిన విధమునుబట్టి, వేరు వేరు గుణములుగల పదార్థములగును.

కరిగిన చిట్టెమును గుంటలలో పోసి గాలికి మెల్లగా చల్లారనిచ్చిన, అది గట్టి రాయిగా మారును. దానిలోని అణువులు తమ తమ స్థానములలో చక్కగా అమరి స్ఫటికములగుటకు కావలసినంత కాలము దొరకును. ఈ రాతిని పగులగొట్టి రోడ్లకు కంకరగాను, రైలుపట్టాల క్రింద పరచు రాళ్ళుగాను వాడుదురు. కాంక్రీటులో నల్లరాతి కంకరకు బదులుగా కూడ దీనిని వేయుదురు. కాని దీనిని ఎంత మెత్తగా పొడిచేసినను సిమెంటువలె అంటుకొను గుణము దీనికి దాదాపు లేదు.

అదే చిట్టెము సన్నని ధారగా పడుచుండగా, దానిమీద మిక్కిలి బలముగా చల్లని నీటిని విస్తారముగా చిమ్మిన, అది ఒక్క క్షణములో చిన్న చిన్న పలుకులుగా విడిపోయి, ముతక ఇసుకవలె నగును. దీనిని గుళికల చిట్టెము అందము. ఇది స్ఫటికము కాదు, గాజు. వంటయింటిలో దీనికి దృష్టాంతము గలదు. చక్కెర పాకమును తీరికగా చల్లారనిచ్చిన కలకండ పలుకులు కట్టును. అదే ముదురు పాకమును ఒక చుక్క తీసి చన్నీటి గిన్నెలో వేసిన, వెంటనే గాజువలె పెళుసుగా గట్టిపడును. పదార్థ మొక్కటే, చల్లారిన వేగమే వేరు.

గాజుగా మారుటవలన ప్రయోజనమేమి? పాఠశాలలో ప్రార్థన గంట మ్రోగగా విద్యార్థులు మెల్లగా వచ్చి తరగతులవారీగా వరుసలు తీరి నిలుచుందురు. అట్లు కాక, ఆటస్థలమున పరుగులెత్తుచున్నవారిని “ఎక్కడివార లక్కడనే నిలువుడు” అని ఒక్కసారి ఆజ్ఞాపించిన, ఎవరెక్కడ నున్నను అక్కడనే నిలిచిపోవుదురు, వరుస యుండదు. వరుసలో గట్టిగా నిలిచినవారిని కదలించుట కష్టము, చెదరియున్నవారిని కదలించుట సులభము. స్ఫటికములోని అణువులు వరుసలు తీరినవారి వంటివి. నీరు వానిని కదల్పజాలదు. గాజులోని అణువులు చెదరి నిలిచినవారి వంటివి. తగిన సహాయమున్న, నీరు వానిని విడదీసి క్రొత్త కూటములుగా కూర్పగలదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలెను. కరిగిన చిట్టెముతోను నీటితోను కూడిన ఈ పని మిక్కిలి అపాయకరము. నీరు కొంచెమైనను కరిగిన చిట్టెము క్రింద చిక్కుకొన్న యెడల అది తటాలున ఆవిరియై ప్రేలును. కావున ధార సన్నముగాను, నీరు విస్తారముగాను ఉండునట్లు యంత్రముల నమర్తురు. ఆ కాలువలయొద్ద నిలిచి పనిచేయువారి ధైర్యమును, శిక్షణయు లేక ఈ వస్తువు మనకు చేరదు.

సిమెంటుతో దీని సంబంధము

సిమెంటు ఎట్లు తయారగునో ముందుగా జ్ఞప్తికి తెచ్చుకొందము. ఇంగ్లండులోని లీడ్సు నగరమున తాపీపని చేయుచుండిన జోసఫ్ ఆస్ప్‌డిన్ అనునతడు 1824లో దీనికి హక్కుపత్రము పొంది, ఆ దేశపు పోర్ట్‌లాండు రాతిని పోలియుండుటచేత దానికి పోర్ట్‌లాండు సిమెంటని పేరు పెట్టెను. నేడు సున్నపురాతిని, బంకమన్నును కలిపి సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాల్తురు. క్లింకరు అను గట్టి ఉండలు వచ్చును. వానికి కొంచెము జిప్సము చేర్చి మెత్తగా పొడిచేయగా సిమెంటగును. ఆ క్లింకరులో ముఖ్యముగా ఉండునవి సున్నము, సిలికా, అల్యూమినా.

విద్యార్థులారా, చిట్టెములో నుండునవి ఏవి? నూటికి సుమారు 30 మొదలు 45 పాళ్ళు సున్నము, 30 మొదలు 40 పాళ్ళు సిలికా, తక్కినది అల్యూమినా, మగ్నీషియా మొదలగునవి. అనగా సిమెంటులో నుండు ద్రవ్యములే పాళ్ళు మారి ఇందులో నున్నవి. సున్నము క్లింకరులోకన్న తక్కువ, అంతే భేదము. ఇదివరకే కొలిమిలో కాలి, కరిగి, ఒకదానితో నొకటి కలిసిన ద్రవ్యములివి. కావున చిట్టెమును సిమెంటులో కలుపుట పాలలో నీళ్ళు కలుపుటవంటిది కాదు.

సిమెంటులో నీరు కలిపినప్పుడు రెండు వస్తువులు పుట్టును. ఒకటి, సున్నమును సిలికాయు నీటితో కూడిన బంకవంటి పదార్థము. ఇదియే ఇసుకను కంకరను పట్టియుంచు బలము. రెండవది, విడి సున్నము. ఈ విడి సున్నము కాంక్రీటునకు బల మీయదు. నీటిలో కొంచెము కొంచెముగా కరిగి పోవును కూడ. చిట్టెపు పొడి కలిపిన సిమెంటులో ఈ రెండవ వస్తువు వృథాగా పోదు. ఆ సున్నపు క్షారము చిట్టెపు గాజును కదలించి మేల్కొలుపును. మేల్కొన్న చిట్టెము నీటితో కలిసి తానును ఆ బంకవంటి పదార్థముగనే మారి, కాంక్రీటులోని సన్నని రంధ్రములను పూడ్చును. ఒంటరిగా నున్నప్పుడు చిట్టెములో శక్తి నిద్రించుచుండును. సున్నము తోడైనప్పుడు లేచి పనిచేయును.

మన పెద్దలకు ఇట్టి విద్య బొత్తిగా తెలియనిది కాదు. గానుగ సున్నములో ఇటుకపొడి కలిపి పాతకాలపు గోడలను, బావులను, కాలువల తూములను కట్టిరి. కాల్చిన మంటిలోని సిలికా సున్నముతో కూడి, తడిలో గూడ గట్టిపడునని అనుభవమువలన వారెరిగిరి.

చిట్టెములోని ఈ నిద్రాణశక్తిని జర్మనీ దేశీయుడైన ఏమిల్ లాంగెన్ 1862లో కనిపెట్టెను. నీటిలో త్వరగా చల్లార్చిన చిట్టెపు పలుకులను సున్నముతో కలుపగా అవి గట్టిపడుట ఆయన గమనించెను. తరువాత ఆ దేశమున మొదట సున్నముతోను, పిమ్మట పోర్ట్‌లాండు సిమెంటుతోను దీనిని కలిపి అమ్మసాగిరి. మన దేశమున జంషెడ్‌పూరు కర్మాగారములో 1911 డిసెంబరున మొదటి ఇనుము వెలువడెను. స్లాగ్ సిమెంటునకు భారత ప్రమాణము 1953లో ఏర్పడెను. ఐ.ఎస్. 455 అను అంకె గల ఆ ప్రమాణము ఆ తరువాత పలుమారులు సవరింపబడినది. దాని ప్రకారము సిమెంటులో చిట్టెము నూటికి 25 పాళ్ళకు తక్కువ కాకయు, 70 పాళ్ళకు మించకయు ఉండవలెను. కొలతయు పరీక్షయు ఉండి, బస్తామీద పేరు వ్రాసి అమ్మునది కల్తీ కాదు. కొలతలేక, పేరు దాచి కలుపునదే కల్తీ. ఈ భేదమును గుర్తుంచుకొనవలెను.

ఏ చిట్టెమైనను పనికివచ్చునా?

రాదు. పూర్వము తెలంగాణములోని అనేక గ్రామములలో చిన్న కొలిములతో ఇనుము తీసిరి. నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రము ఉక్కునకు పేరుపొందిన స్థలము. అట్టి గ్రామములలో నేటికిని నల్లని చిట్టెపు దిబ్బలు కానవచ్చును. ఆ కొలిములలో వేడి తక్కువ. కావున ఇనుములో కొంత భాగము చిట్టెములోనే యుండిపోయెను. అందు ఇనుమెక్కువ, సున్నము తక్కువ. దానిని పొడిచేసిన సిమెంటు గుణము రాదు. అట్లే ఇనుమును ఉక్కుగా మార్చునప్పుడు వచ్చు చిట్టెము వేరు. దానిలో విడి సున్నముండి, తడి తగిలినప్పుడు ఉబ్బును. సరిగా ముదరనీయక కట్టడములో వేసిన పగుళ్ళు పుట్టును. బ్లాస్టు కొలిమినుండి వచ్చి, నీటిలో త్వరగా చల్లారి, మెత్తగా విసరబడిన చిట్టెమే సిమెంటునకు తగినది. అది చూచుటకు గాజైనను క్లింకరుకన్న గట్టిది గనుక, దానిని విసరుటకు శక్తి ఎక్కువ కావలెను.

ఇతర ఉపయోగములును కొన్ని గలవు. ఇంగ్లండులో టీస్ నదీ ప్రాంతమున 19వ శతాబ్దమున కరిగిన చిట్టెమును అచ్చులలో పోసి ఇటుకలు చేసి వీధులలో పరచిరి. అవి కొన్ని ఊళ్ళలో ఇంకను నిలిచియున్నవి. చిట్టెపు ధారమీద ఆవిరిని ఊది దూదివంటి పోగులుగా చేసి, వేడి పోకుండ గొట్టములచుట్టు చుట్టుదురు. కొంచెము నీటితో పొంగించి తేలికైన కంకరగా చేయుదురు. కాని వీనియన్నిటిలోను సిమెంటే ముఖ్యము.

గుణములు, లోపములు

స్లాగ్ సిమెంటు గుణములలో మొదటిది, సముద్రపు ఉప్పునకు తాళుట. సముద్రతీరపు గ్రామములలో పదిపదునైదేండ్లకే స్లాబు అడుగు పెచ్చులూడి, ఎఱ్ఱగా తుప్పుపట్టిన కమ్ములు కనబడుట మనలో పలువురు చూచినదే. గాలిలోను నీటిలోను ఉన్న ఉప్పు కాంక్రీటు రంధ్రములగుండ లోనికిపోయి కమ్మిని తినివేయును. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగులగొట్టును. చిట్టెము కలిసిన కాంక్రీటులో రంధ్రములు సన్నములు గనుక ఉప్పు లోనికి చేరుట ఆలస్యమగును. రెండవది, చౌడు నేలలలోను, మురుగునీటిలోను ఉండు సల్ఫేటు లవణములకు ఇది ఎక్కువ తాళును. మూడవది, గట్టిపడునప్పుడు పుట్టు వేడి తక్కువ. ఆనకట్టలు, వంతెనల పునాదులు మొదలగు లావైన కట్టడములలో ఆ వేడి లోపలనే నిలిచి పగుళ్ళు తెచ్చును. కావున అట్టిచోట్ల ఈ గుణము మిక్కిలి ఉపకరించును.

లోపములను దాచుట న్యాయము కాదు. ఈ సిమెంటు మొదటి దినములలో మెల్లగా బలము పొందును. మొదటి వారమున మామూలు సిమెంటుకన్న వెనుకబడి, నెల దాటుసరికి దానితో సమానమై, పిమ్మట దానిని మించుట కద్దు. చలికాలమున ఇంకను ఆలస్యమగును. కావున సెంట్రింగును త్వరపడి ఊడదీయరాదు. మరియొకటి, దీనికి నీరు పట్టుట ఎక్కువ దినములు జరుగవలెను. కాంక్రీటు పనికి సంబంధించిన ఐ.ఎస్. 456 అను భారత ప్రమాణము మామూలు సిమెంటునకు కనీసము 7 దినములును, ఇట్టి మిశ్రమ సిమెంటులకు కనీసము 10 దినములును తడియుంచవలెనని విధించుచున్నది. ఎండ తీవ్రముగాను గాలి పొడిగాను ఉన్నప్పుడు మిశ్రమ సిమెంటులకు 14 దినములు మంచిదని చెప్పుచున్నది.

మన వేసవులలో జరుగుచున్న దేమి? స్లాబు పోసిన మరునాడు మడులు కట్టి నీరు నింపుదురు. మూడవనాడు నీరు ఆవిరియగును. నాలుగవనాడు మేస్త్రి వేరొక ఊరికి పోవును. గోడలకును స్తంభములకును ఒక పూట నీళ్ళు చల్లి పని ముగిసినదనుకొందురు. చిట్టెము మేల్కొనుటకు నీరు కావలెను. నీరు లేనిచో అది నిద్రలోనే యుండిపోవును. అప్పుడు పై చెప్పిన గుణములన్నియు వ్యర్థము. కాంక్రీటు పైపొర గుల్లగా నుండి ఉప్పును, గాలిని లోనికి రానిచ్చును. తరువాత పగుళ్ళు వచ్చినప్పుడు “స్లాగ్ సిమెంటు చెడ్డది” అని నిందింతురు. నింద పడవలసినది సిమెంటుమీద కాదు, ఖాళీయైన నీటి కుండమీద. స్తంభములకు గోనెపట్టలు చుట్టి, వానిని రేయింబవళ్ళు తడిగా నుంచుట ఎక్కువ ఖర్చులేని పని. సెలవు దినములలో పిల్లలే ఈ కావలి కాయవచ్చును.

కొత్తగా పగులగొట్టిన స్లాగ్ కాంక్రీటు లోపల నీలము ఆకుపచ్చ కలిసిన ఛాయ కనబడును. అది చిట్టెములోని గంధకపు సమ్మేళనములవలన కలుగును. గాలి తగిలిన కొన్నాళ్ళకు పోవును. దానిని చూచి భయపడనక్కరలేదు.

ఒక లెక్క

ఈ సిమెంటు వలన లోకమునకు కలుగు లాభమును ఒక చిన్న లెక్కవలన చూతము. ఒక ఇంటికి 50 కిలోగ్రాముల బస్తాలు 400 పట్టుననుకొందము. మొత్తము 20 టన్నులు. మామూలు సిమెంటులో నూటికి 95 పాళ్ళు క్లింకరు, 5 పాళ్ళు జిప్సము అనుకొన్న, 19 టన్నుల క్లింకరు కావలెను. స్లాగ్ సిమెంటులో 50 పాళ్ళు చిట్టెము, 45 పాళ్ళు క్లింకరు, 5 పాళ్ళు జిప్సము అనుకొన్న, 9 టన్నుల క్లింకరు చాలును. మిగిలినది 10 టన్నులు.

క్లింకరులో సున్నము నూటికి సుమారు 65 పాళ్ళు. కావున 10 టన్నుల క్లింకరులో సున్నము 6½ టన్నులు. శుద్ధమైన సున్నపురాతిని 100 కిలోగ్రాములు కాల్చిన 56 కిలోగ్రాముల సున్నమును, 44 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువును వచ్చును. ఈ లెక్కన 6½ టన్నుల సున్నమునకు సుమారు 11½ టన్నుల సున్నపురాయి త్రవ్వవలెను. దానినుండి 5 టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. కొలిమిలో మండు బొగ్గునుండి పుట్టునది ఇంకను వేరు. ఒక్క ఇంటికి ఇంత! మానవుల పనులవలన గాలిలో చేరు బొగ్గుపులుసు వాయువులో నూటికి సుమారు 7 లేక 8 పాళ్ళు సిమెంటు పరిశ్రమనుండియే వచ్చుచున్నది. ఆ వాయువు పెరిగినకొలది భూగోళము వేడెక్కుచున్నది. తుపానుల బలమును, ఎండల తీవ్రతయు పెరుగుచున్నవి.

చిట్టెములోని సున్నము కొరకును ఒకప్పుడు సున్నపురాయి కాలినది కాదా యని తెలివిగల విద్యార్థి అడుగవచ్చును. నిజమే. కాని అది ఇనుము కొరకు కాలినది. మనము చిట్టెమును వాడినను, దిబ్బగా పోసినను ఆ వాయువు అప్పుడే వెలువడినది. ఒకసారి చేసిన వ్యయమునకు రెండు ఫలములు పొందుట ఇందలి లాభము.

మన ప్రాంతమున

విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారము మన దేశమున సముద్రతీరమున కట్టిన గొప్ప ఉక్కు కర్మాగారము. దాని మొదటి బ్లాస్టు కొలిమి 1990లో పని ప్రారంభించెను. ఆ కొలిమికి గోదావరి అనియు, తరువాతివానికి కృష్ణ, అన్నపూర్ణ అనియు పేర్లు పెట్టిరి. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజమును, జగ్గయ్యపేట సున్నపురాయియు, మాధారము డోలమైటును ఈ కొలిములకొరకు ఏర్పరచినవి. అనగా మన జిల్లాల రాళ్ళే అక్కడ కరిగి, చిట్టెపు పలుకులై, సిమెంటు కర్మాగారములకు పోయి, తిరిగి మన ఊళ్ళ గోడలలోనికి వచ్చుచున్నవి.

అయితే చిట్టెము ఎల్లకాలము ఇట్లే సమృద్ధిగా దొరకునని చెప్పరాదు. బొగ్గునకు బదులుగా జలజని వాయువుతో ఇనుము తీయుటకును, పాత ఇనుమును విద్యుత్ కొలిములలో కరిగించుటకును అనేక దేశములవారు పూనుకొనుచున్నారు. అట్లు బ్లాస్టు కొలిములు తగ్గినచోట్ల చిట్టెమును తగ్గును. అప్పుడు దానికి బదులుగా కాల్చిన బంకమన్ను మొదలగువానిని వెదుకవలసియుండును. ఆ శోధన ఇప్పటికే ప్రారంభమైనది. నేడు ఈ తరగతులలో కూర్చున్నవారిలో కొందరైనను అందు పాలుగొందురుగాక యని మా కోరిక.

ఇక తలిదండ్రులకు ఒక్క మాట. ఇల్లు కట్టువారు బస్తామీద ఐ.ఎస్. 455 అను గుర్తును, తయారైన వారమును, సంవత్సరమును చూచి కొనవలెను. సముద్రపు గాలి తగులు ఊళ్ళలోను, చౌడు నేలలలోను ఈ సిమెంటును సంకోచింపక వాడవచ్చును. సెంట్రింగు విప్పు దినమును, నీరు పట్టు దినములను మేస్త్రితో ముందుగనే నిర్ణయించి, ఒక కాగితముమీద వ్రాసి గోడకు అంటింపుడు. లెక్క వ్రాయగల పిల్లలు ఇంటనుండగా ప్రతిదినమును ఆ కాగితముమీద గుర్తు పెట్టించుట కష్టము కాదు.

అభ్యాసము

1. బ్లాస్టు కొలిమిలో సున్నపురాయి వేయుటకు కారణమేమి? బెల్లపు పెనముతో పోల్చి వ్రాయుడు.

2. మెల్లగా చల్లారిన చిట్టెమునకును, నీటిలో చల్లార్చిన చిట్టెమునకును గల భేదమేమి?

3. చిట్టెము ఒంటరిగా గట్టిపడక, సిమెంటుతో కలిసినప్పుడు గట్టిపడుట ఏల?

4. పై లెక్కలో చిట్టెము 50 పాళ్ళకు బదులు 30 పాళ్ళయినచో ఎంత సున్నపురాయి మిగులును?

5. మీ ఊరిలో కట్టుచున్న ఒక ఇంటికి పోయి, స్లాబునకును, స్తంభములకును ఎన్ని దినములు నీరు పట్టిరో విచారించి వ్రాసికొని రండు.